పొదిలి బావులు నేర్పే పాఠం

ఊరిలో ఒక వ్యాధి తలయెత్తినప్పుడు మొదట పుట్టేది భయం. ఆ వెనుకనే బయలుదేరేది వదంతి. “ఎవరి నుండి వచ్చింది?” అని అడిగేవారే గాని, “ఎక్కడి నుండి, ఎట్లు వచ్చింది?” అని అడిగేవారు అరుదు. ఈ రెండవ ప్రశ్నను మాధ్యమిక పాఠశాల విద్యార్థులకు నేర్పడానికి ఉపాధ్యాయులు సాధారణంగా లండను నగరపు ఉదాహరణ చెబుతారు. 1854లో అక్కడ కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇండ్లను పటం మీద గుర్తించి, ఆ గుర్తులు బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ గుమిగూడి ఉన్నవని చూపించినాడు. ఆ పంపు పిడిని అధికారులు ఊడదీయించినారు. ఇది మంచి పాఠమే. అయితే అట్టి పరిశోధన మన నేల మీద, మన బావుల చెంత కూడా జరిగినదని మన పిల్లలలో ఎందరికి తెలుసు? పాఠశాల ప్రసంగాలు సిద్ధపరచే మాకు ఈ ప్రశ్న తరచుగా తోస్తూ ఉంటుంది.

గుంటూరు పత్తి, మిరప చేలను దాటి నైరుతి దిక్కుగా సాగిపోతే దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం వస్తుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ మూడు తాలూకాలూ నెల్లూరు జిల్లాలోనివే; ఆ కొత్త జిల్లా 1972లో ప్రకాశం పేరు పొందినది. వాన తక్కువ, నేల అడుగున రాయి, జనానికి బావినీరే ఆధారం. ఇక్కడి పల్లెలలో నడివయసు రాకముందే నడుము బిగుసుకొని, మెడ తిరగక, మోకాళ్లు ముడవలేక మంచం పట్టేవారు ఉండేవారు. కాడి మోసే ఎద్దులు కాళ్లు పట్టివేసి దుక్కికి పనికిరాకపోవడం రైతులు ముందుగానే గమనించినారని చెప్పుకొంటారు.

ఈ వ్యాధిని గురించి గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు పరిశోధించి, 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించినారు. కారణం సూక్ష్మజీవి కాదు. తాగేనీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడు. అంతకు ముందే అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు పిల్లల పళ్లమీది గోధుమరంగు మచ్చల కారణాన్ని ఏండ్ల తరబడి వెదకినాడు. ఆ కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తేల్చినాడు. మరుసటి ఏడు డెన్మార్కులో, ఫ్లోరైడు గల ఖనిజపు ధూళిని పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడడం కనుగొన్నారు. పళ్లమచ్చలు ఒకచోట, ఎముకల బిగుసు మరొకచోట కనిపించగా, మన పల్లెలలో ఈ రెండూ ఒకే బావి నీటివల్ల కలుగుతున్నవని తెలియవచ్చినది.

ఈ వ్యాధిని అంటువ్యాధితో పోల్చి చూపడమే విద్యార్థులకు అసలు పాఠం. పరిశోధకుడు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ మూడే: ఎవరికి? ఎక్కడ? ఎప్పుడు? కలుషితమైన నీరు తాగి కలరా సోకితే కొద్ది రోజులలోనే రోగుల సంఖ్య ఒక్కపెట్టున లేచి, ఆ నీరు మానగానే తగ్గుతుంది. ఒకరి నుండి ఒకరికి సోకే తట్టు వంటి వ్యాధి ఇంటి నుండి ఇంటికి పాకి, అలవెంట అలగా వస్తుంది. పొదిలి ప్రాంతపు వ్యాధికి ఋతువు లేదు, అల లేదు. ఏండ్ల తరబడి ఆ నీరు తాగినవారికే అది వస్తుంది. పాలపళ్లు పోయి వచ్చే పళ్లు చిగురు లోపల రూపొందే బాల్యంలోనే ఫ్లోరైడు వాటిపై మచ్చ వేయగలదు. కావున మంచినీటి ఊరిలో పెరిగి ఈ ఊరికి కోడలుగా వచ్చిన స్త్రీ పలువరుస తెల్లగానే ఉండవచ్చు. ఇక్కడే పెరిగిన ఆమె బిడ్డల పళ్లమీద మాత్రం చారలు కనిపిస్తాయి. తల్లి చేతి అన్నమే బిడ్డలూ తిన్నారు. తేడా చిన్ననాడు తాగిన నీటిది. ఈ ఒక్క పోలికను ఆలోచించగల పిల్లవాడు పరిశోధన అంటే ఏమో గ్రహించినట్లే.

కారణం దొరికినదని పరిశోధకులు అంతటితో నిలువలేదు. 1940లో పండిట్ గారూ వారి సహచరులూ ప్రకటించిన మరొక అధ్యయనం, నీటితోపాటు ఆహారలోపం కూడా వ్యాధి తీవ్రతకు తోడవుతుందని సూచించినది. పేదవాని ఎముకలకే పెద్ద దెబ్బ. 1955లో సిద్దికీ గారు నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని వర్ణించినారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించగా, దానికి నల్లగొండ పేరే వచ్చినది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాచినంత మాత్రాన అది పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది.

ఇక్కడ లండనుకూ పొదిలికీ గల భేదం చెప్పక తప్పదు. లండనులో వ్యాధి చెలరేగిన పది దినాలలోపలే పంపు పిడి ఊడినది. జనం వేరొక పంపుకు పోయినారు. మన బావికి ఊడదీయడానికి పిడి లేదు; పోవడానికి వేరొక నీరూ లేదు. కారణం 1937లోనే తెలిసినా, ఆ తరువాత పుట్టిన తరాలు కూడా ఆ బావులనే చేదుకొని తాగినవి. బిగుసుకొన్న ఎముకను మందు తిరిగి సడలించలేదు. కారణం కనుగొనడం పరిశోధనలో సగమే. మంచినీరు గడపకు చేరడం మిగిలిన సగం.

కావున ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటి. మీ విద్యార్థులచేత ఊరి పటం గీయించండి. బావులు, బోరులు, కుళాయిలు గుర్తింపజేయండి. ఏ ఇంటివారు ఏ నీరు తాగుతున్నారో అడిగి వ్రాయించండి. తరగతిలో ఏ బిడ్డ పళ్లమీదనైనా మచ్చలుంటే తోటివారు నవ్వకుండా చూడండి. అది అంటుకొనేది కాదు, ఆ బిడ్డ చేసిన తప్పూ కాదు. ఆ బిడ్డ చిన్ననాడు ఏ బావి నీరు తాగినదో కనుక్కొని, ఆ నీటిని పరీక్షకు పంపించండి. ఆ ఇంట చంటిబిడ్డ ఉంటే ఆ ఫలితం వచ్చేవరకు ఆగక, వేరొక నీటికై ఈనాడే ఆలోచించండి.