వేలిముద్ర చోరీ: జంగీపూరు నుండి పెద్దపల్లి వరకు

జనగామ జిల్లాలోని తరిగొప్పుల వంటి గ్రామములలో 2014 నవంబరు నుండి ఆసరా పింఛనులు పంచుచున్నారు. ఈ పంపిణీలో సంతకము కంటె వేలిముద్రయే ప్రధానమయినది. తపాలా ఉద్యోగి చేతిలోని చిన్న యంత్రముపై అవ్వ వ్రేలు ఆనించును. ఆ ముద్రను ఆధార్ వారు భద్రపరచిన ముద్రతో పోల్చి, ఈమె ఆమెయే యని తేలిన పిదప డబ్బు చేతికి వచ్చును. ఒకరి సొమ్ము వేరొకరు కాజేయకుండ చేసిన ఏర్పాటిది. యంత్రము క్రొత్తదే గాని, ఆలోచన నూట అరువది ఏండ్లకు పైబడినది. పింఛనులతో దాని సంబంధమును పాతదే.

1858 జులైలో వంగదేశములోని జంగీపూరులో విలియం హెర్షెల్ అను ఇంగ్లీషు అధికారి, రోడ్డు పనికి కావలసిన సరుకు నిమిత్తము రాజ్యధర్ కొనాయ్ అను నతనితో ఒప్పందము వ్రాయించుకొనెను. (యురేనస్ గ్రహమును కనుగొనిన హెర్షెల్ ఇతని తాతగారు, పేరు కూడ అదే.) కాగితము వెనుకవైపున కొనాయ్ అరచేతికి సిరా పూసి అద్దించెను. అందులో శాస్త్రమేమియు లేదు. రేపు "ఈ సంతకము నాది కా"దని అతడు బొంకకుండ కొంచెము బెదరించుటయే ఉద్దేశము. అయితే హెర్షెల్ అంతటితో ఊరకుండలేదు. తన ముద్రలు, మిత్రుల ముద్రలు ఏండ్ల తరబడి సేకరించి పోల్చి చూచి, వయస్సు మారినను గీతలు మారవని గ్రహించెను. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛను చెల్లింపులలోను, దస్తావేజుల రిజిస్ట్రేషనులోను, జైలులోను వేలిముద్రలు ప్రవేశపెట్టెను. చనిపోయిన పింఛనుదారు పేర మరియొకడు వచ్చి డబ్బు పుచ్చుకొనకుండ ఇది అడ్డుకట్ట. నేడు అన్యుల పేరుతో చెలామణియగుట అని మనము చెప్పుకొను నేరమునకు అదియే పాత రూపము.

ముద్రలు పెరిగినకొలది వెదకుట కష్టమయినది. 1892లో గాల్టన్ వాటి విశేషములను వర్ణించి గ్రంథము ప్రకటించెను. వంగదేశ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ వద్ద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను భారతీయులు పది వ్రేళ్ల ముద్రలను 1024 తరగతులుగా విభజించు పద్ధతికి రూపమిచ్చిరి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసినది. లండన్ పోలీసులకు అట్టిది 1901లో గాని ఏర్పడలేదు. పద్ధతికి మాత్రము హెన్రీ పేరే నిలిచినది!

ఈ గీతలు శిశువు తల్లి గర్భమున నుండగా మూడవ నెలలో మొదలై, ఆరవ నెల నాటికి స్థిరపడును. గీత ఎక్కడ ఆగినది, ఎక్కడ రెండుగా చీలినది అను గుర్తులనే యంత్రము ముఖ్యముగ లెక్కించును. వ్రేలిని అది చూడదు, గీతల నమూనాను చూచును. ఇందు రెండు చిక్కులు కలవు. పత్తి ఏరి, సున్నము కలిపి అరిగిన వ్రేళ్లను అది గుర్తింపకపోవచ్చును. గీతలు సరిగా నున్న నకలును నిజమని నమ్మవచ్చును. మొదటి చిక్కు వృద్ధులకు చిరపరిచితమే. రెండవది 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడినది.

2001లో రిజిస్ట్రేషను చట్టమునకు 32ఎ అను సెక్షను చేర్చి, దస్తావేజులపై కక్షిదారుల ఛాయాచిత్రము, వేలిముద్రలు ఉండవలెనని నిర్ణయించిరి. ఒకరి భూమిని వేరొకరు అమ్మకుండుటకే ఇది. పిమ్మట దస్తావేజుల నకళ్లు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోనికి ఎక్కినవి. వాటితోపాటు ముద్రలును, కొన్నింట ఆధార్ సంఖ్యలును. 2018 జూనులో పోలీసులు తెలిపినదానినిబట్టి, ధర్మారమునకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఆ కాగితములనుండి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల వలె అచ్చులు చేసి, అన్యుల పేర వేలకొలది సిమ్ కార్డులకు ప్రాణము పోసెను. అమ్మకముల లక్ష్యము చేరుటకే ఇంత శ్రమ! 2022లో సైబరాబాదు పోలీసులు వెల్లడించిన కేసులో ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల ముద్రలతో బ్యాంకు ఖాతాలనుండి డబ్బే తీసిరి. మోసము నివారించుటకు వేసిన ముద్రయే మోసమునకు ముడిసరుకయినది.

సంకేతపదము పోయినచో మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. కావున ముద్రకు తాళము వేయు ఉపాయము కల్పించిరి. ఆధార్ వెబ్‌సైటులోగాని ఫోను అనువర్తనములోగాని బయోమెట్రిక్ తాళము వేసినచో, అసలు వ్రేలు పెట్టినను యంత్రము ఒప్పుకొనదు. పింఛను తీసుకొను వేళకు తాత్కాలికముగా తెరచుకొనవచ్చును. దీనికి ఆధార్‌తో నమోదయిన ఫోను సంఖ్య ఉండవలెను. పల్లెలలో చాలమంది వద్ద ఆగిపోవునది ఇచ్చటనే. 2018లో పన్నెండంకెల ఆధార్ సంఖ్యకు మారుగా చెప్పుటకు పదునారంకెల మారుసంఖ్యను కూడ ప్రవేశపెట్టిరి. 2023 ఫిబ్రవరిలో, ఆనించినది సజీవమైన వ్రేలా, అచ్చా అని గీతలతోపాటు ముద్ర చిత్రమును కూడ పరీక్షించు పద్ధతిని ఆధార్ సంస్థ ప్రకటించెను.

ఇంత జరిగినను డబ్బు పోయినచో కాలమే ముఖ్యము. 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేసినచో, సొమ్ము ఖాతాలు మారకముందే నిలుపుటకు అవకాశముండును. బ్యాంకునకు వ్రాతమూలకముగా తెలిపి ఫిర్యాదు సంఖ్య పుచ్చుకొనవలెను. ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేని మోసమును, సమాచారమందిన మూడు పనిదినములలో తెలిపినచో నష్టము ఖాతాదారునిపై పడదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించెను. ఆధార్ వెబ్‌సైటులో ముద్రను ఎప్పుడెప్పుడు సరిచూచిరో ఆ చరిత్రయు కనిపించును. తాను వ్రేలు పెట్టని దినమున సరిచూచినట్లున్నచో ఆ పుటను అచ్చు తీసి పోలీసులకు ఈయవలెను. ఒకని పేర ఎన్ని ఫోను కనెక్షనులున్నవో చూపు ఏర్పాటు 2021లో మొట్టమొదట తెలుగు రాష్ట్రములలోనే ఆరంభమయినది. అన్యుని గుర్తింపును మోసముతో వాడినవానికి సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను మూడేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధించుచున్నది.

డబ్బు ఇచ్చువాడు "ముద్ర పడలేదు, మరల పెట్టుము" అన్నప్పుడు, మొదటిసారి ఏమయినదో తెలుపు రసీదు అడుగుటకు అవ్వకు హక్కున్నది. అది చదివి చెప్పుటకు హైస్కూలులో చదువు మనుమడు ప్రక్కనుండిన చాలును.