ఎర్రబుగ్గ, పచ్చలైటు

1928 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక కూడలి దగ్గర కొత్తరకం సిగ్నల్ పెట్టారు. ఎర్రలైటు దగ్గర ఆగినవాడు హారన్ కొడితే, స్తంభానికి బిగించిన మైక్రోఫోన్ ఆ మోత విని లైటు మారుస్తుంది. చార్లెస్ ఆడ్లర్ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఈ సంగతి చదవగానే నాకు నవ్వొచ్చింది. సిగ్నల్ దగ్గర మనవాళ్ళు హారన్ మీద చెయ్యి తియ్యకపోవడం వెనకున్న నమ్మకం కూడా ఇదే కదా! ముంబై పోలీసులు 2020 జనవరిలో ఇదే ఆలోచనని తిరగేశారు. మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రలైటు లెక్క మళ్ళీ మొదటికొచ్చేలా కొన్ని కూడళ్ళలో పెట్టి చూసి, ఆ వీడియో జనం మీదికి వదిలారు.

అంటే బండిలో కూర్చునే సిగ్నల్ మార్చాలన్న కోరికకి దాదాపు వందేళ్ళు. చట్టం దాని జోలికి ఎందుకు, ఎప్పుడు వచ్చిందన్నదే అసలు కథ.

1960ల చివర్లో త్రీఎం కంపెనీ ‘ఆప్టికామ్’ అనే పరికరం తెచ్చింది. ఫైరింజను మీద ఒక దీపం టపటపా మెరుస్తుంటుంది. కూడలిలో సిగ్నల్ పక్కనున్న సెన్సర్ ఆ మెరుపుల్ని లెక్కపెడుతుంది. సెకనుకి 14 దాకా ఉంటే ఫైరింజనో అంబులెన్సో అనుకుని ఆ వైపు పచ్చలైటు ఇస్తుంది. 10 దాకా ఉంటే సిటీ బస్సు కింద లెక్క, దానికి కొంచెం తక్కువ మర్యాద. చాలా ఏళ్ళు బాగానే నడిచింది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇందులో లోపం వెంటనే కనబడుతుంది. సెన్సర్ ‘ఎవరు నువ్వు?’ అని అడగదు, ‘ఎన్నిసార్లు మెరిశావు?’ అని మాత్రమే అడుగుతుంది. ఊరందరికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ నడిరోడ్డు మీద గట్టిగా చదివే పాస్‌వర్డ్! 2003 ప్రాంతానికి అదే లెక్కలో ఇన్‌ఫ్రారెడ్ మెరుపులు పంపే చిన్న పెట్టెలు ఇంటర్నెట్‌లో అమ్మకానికొచ్చాయి. కొలరాడోలో ఒకతను అలాంటిదొకటి వంద డాలర్లకి కొని, రెండేళ్ళపాటు రోజూ పచ్చలైట్ల మీద ఆఫీసుకి వెళ్ళాడు. చివరికి పట్టుబడితే అతనికి పడిన జరిమానా యాభై డాలర్లు.

2005 ఆగస్టు 10న అమెరికా కేంద్ర చట్టంలో ఇది నేరమైంది. అనుమతి లేకుండా వాడితే ఆరు నెలల దాకా జైలు, అనుమతి లేనివాడికి అమ్మితే ఏడాది దాకా. వాడినవాడికంటే అమ్మినవాడికి ఎక్కువ శిక్ష పెట్టడం నాకు నచ్చింది. వాడేవాడు ఒక కూడలిని మోసం చేస్తాడు, అమ్మేవాడు మొత్తం ఏర్పాటునే. యంత్రం అడగలేకపోయిన ‘ఎవరు నువ్వు?’ అన్న ప్రశ్నని చట్టం అడిగింది.

సరిగ్గా ఐదు రోజుల తర్వాత, 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి.

మనకప్పుడు అలాంటి సెన్సర్లతో పనిలేదు, కూడలిలో కానిస్టేబుల్ ఉండేవాడు. ఆయన చెయ్యి మార్చే పరికరం ఒకటి మాత్రం ఉండేది: ఎర్రబుగ్గ. ఒకాయన మంత్రి అయ్యాడని చెప్పడానికి ‘బుగ్గకారు ఎక్కాడు’ అనేవాళ్ళం. ఆప్టికామ్ సెన్సర్ లాగే ఆ చెయ్యి కూడా మెరుపునే చూసేది, లోపల ఉన్నది అవసరమా హోదానా అని అడిగేది కాదు. ఈ దీపాల సంగతి తేల్చేది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది. అంబులెన్సు నంబరూ అదే కావడం కాకతాళీయమే అయినా, నాకది గుర్తుండిపోయింది. 2013 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, ఎర్రబుగ్గ ఉన్నత రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్ళకే పరిమితం కావాలంది. 2017 మే 1 నుంచి కేంద్రం వాళ్ళకీ తీసేసింది.

అమెరికాలో పౌరుడు దొంగిలించిన మర్యాదని చట్టం వెనక్కి తీసుకుంటే, ఇక్కడ ప్రభుత్వం తనవాళ్ళకి తనే పంచిపెట్టిన మర్యాదని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

బుగ్గలు పోయినంత మాత్రాన అంబులెన్సుకి దారి రాదు. మాది పాయకరావుపేట. మాకూ తునికీ మధ్య తాండవ నది, దాని మీద వంతెన. పెద్ద కేసయితే తుని దాటి కాకినాడకో, లేదా హైవే మీద విశాఖకో పరిగెత్తాలి. వంతెన మీద మార్చడానికి సిగ్నలే ఉండదు, ముందున్న ఆటోవాడి మనసు మారాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 194ఇ సెక్షన్ ఆ మనసు గురించే. ఫైరింజనుకో అంబులెన్సుకో దారివ్వకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. తనది కాని దారి తీసుకున్నందుకు అక్కడ ఆరు నెలలు, ఇతరులకు చెందిన దారి ఇవ్వనందుకు ఇక్కడ ఆరు నెలలు. రెండు చట్టాలూ చెప్పేది ఒకటే: తొందరగా వెళ్ళే హక్కు ప్రాణాపాయానిది, బండిదీ కాదు, అందులో కూర్చున్నవాడి హోదాదీ కాదు.

ఇప్పుడు కెమెరాలూ జీపీఎస్సూ ఉన్న సిగ్నళ్ళు మన నగరాలకీ వస్తున్నాయి. ఎవరికి పచ్చలైటు ఇవ్వాలన్న జాబితా ఇకమీదట కోడ్‌లో ఉంటుంది. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఆ వరస బహిరంగంగా రాసుంది: ముందు ఫైరింజను, తర్వాత అంబులెన్సు, తర్వాత పోలీసు. కోడ్‌లో ఇంకో వరస చేర్చడానికి గెజిట్ అక్కర్లేదు, ఒక ఫోన్‌కాల్ చాలు. ఎర్రబుగ్గ కనీసం కంటికి కనబడేది, కోపమైనా వచ్చేది. ఈ కొత్త బుగ్గ కనబడదు. మనకి ఎర్రలైటు ఎందుకు సాగిందో కూడా తెలీదు. ఇక తాళాల సంగతి: 2014లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ఊళ్ళో వందకి దగ్గర సిగ్నళ్ళని వైర్‌లెస్ ద్వారా తమ చేతిలోకి తీసుకోవచ్చని చూపించారు. కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు అలాగే ఉంచేశారక్కడ.

అందుకని నా కోరిక చిన్నది. ఏ కూడలిలో, ఏ క్షణాన, ఏ బండి కోసం సిగ్నల్ మారిందో ఆ యంత్రం ఎలాగూ రాసిపెట్టుకోగలదు. ఆ చిట్టా నెలనెలా జనం ముందు పెట్టాలి. అంబులెన్సులకి ఎంత దారి దొరికిందో, అంబులెన్సు కానివాటికి ఎంత దొరికిందో అందులో తేలిపోతుంది.