పేకముక్కకు పరవానా

దౌల్తాబాదులో మొన్న ఒక విద్యార్థి అడిగాడు: “ఆన్‌లైన్ పేకాట కంపెనీ పెట్టాలంటే ఏ లైసెన్సు కావాలి సార్?” నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు ఈ నేలమీద చరిత్ర ఉన్నది.

నిజాం కాలాన, 1305 ఫస్లీలో వచ్చిన హైదరాబాదు జూద చట్టం జూదగృహం నడపడాన్ని నేరం చేసింది. నైపుణ్యపు ఆటలను మాత్రం విడిచిపెట్టింది. ఆ చట్టం కిందనే సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద కేసు నడిచింది. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది, మూడుముక్కలాట కేవలం అదృష్టమన్నది. రమ్మీ క్లబ్బు బల్లమీది ఆట. మూడుముక్కలు చెట్టుకింది ఆట! న్యాయమూర్తులు వర్గాన్ని చూసి తీర్పు చెప్పారని నేననను. ఫలితం మాత్రం వర్గాన్ని అనుసరించే వచ్చింది.

1974 చట్టంలోనూ ఆ మినహాయింపు నిలిచింది. క్లబ్బు బల్లకోసం పుట్టిన ఆ మాటనే దశాబ్దాల తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు పరవానాగా చూపించాయి. సిక్కిం 2008లో, నాగాలాండ్ 2016లో లైసెన్సు చట్టాలు చేశాయి. తెలంగాణ 2017లో మినహాయింపునే కొట్టివేసి, ఆన్‌లైన్ పందేన్ని నేరం చేసింది. 2025లో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

“అయితే లైసెన్సు లేనట్టేనా?” అన్నాడు కుర్రవాడు.

“మన దగ్గర ఎన్నడూ లేదు నాయనా, మినహాయింపే ఉండేది” అన్నాను.