చుట్టినా చెదరని కథ

సిద్దిపేట జిల్లా చేర్యాల పేరు వినగానే ఎర్రటి నేల మీద పెద్ద కళ్లతో నిలబడ్డ బొమ్మలు గుర్తొస్తాయి. ఇప్పుడవి గోడలకు వేలాడుతున్నాయి. ఒకప్పుడు మాత్రం చీకటి పడ్డాక, వాడకట్టంతా చుట్టూ చేరి కూర్చుంటే, కథ చెప్పడానికి ఆ బొమ్మల పటాన్ని విప్పేవారు.

ఆ కథ ఒకటి కాదు. తెలంగాణలో చాలా కులాలకు తమ పుట్టుక చెప్పే పురాణం ఒకటుంది, దాన్ని చెప్పే ఆశ్రిత కులమూ ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. వీళ్లు అడుక్కోవడానికి వచ్చేవాళ్లు కారు, హక్కుతో వచ్చేవాళ్లు. ఏ ఊళ్లు ఎవరివో తాతలనాడే పంచుకున్నారు. పురాణమేమో ఒక గొలుసు. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి పుట్టుక ఒక కథ, తామరతూడు నారతో దేవతలకు బట్టలు నేయడం ఇంకో కథ, పెళ్లి మరో కథ. ఏ రాత్రి కథ ఆ రాత్రికే ముగుస్తుంది, అయినా నిన్నటిది వినకుంటే ఇవాళ్టి రుచి సగమే.

చిక్కంతా అక్కడే. రాత్రుల తరబడి సాగే కథలో ఎవరెవరో జనానికి గుర్తుండాలి. గుడి గోడ మీద బొమ్మ గీస్తే ఆ గోడ పక్క ఊరికి రాదు. తాటాకు మీద గీస్తే వెనక వరుసకు ఆనదు. గుడ్డయితే చుట్టి భుజాన పెట్టుకుపోవచ్చు. రెండు మూరల వెడల్పు, నలభై అడుగులు దాటే పొడవు. పైన గణపతి, కింద వరుస వెంట వరుసగా ఘట్టాలు, నడుమ పూలతీగ. పటం కిందికి దిగుతున్నకొద్దీ కథ ముందుకు సాగుతుంది.

కానీ గుడ్డకో గుణం ఉంది. చుడితే ముడత పడుతుంది, ముడత పడ్డచోట రంగు రాలుతుంది. రోజూ విప్పి చుట్టే పటం ఎన్నాళ్లు నిలుస్తుంది? దీనికి ఈ పటాలు రాసే నకాషీలు ఇంటి ముంగిట్లోనే జవాబు వెతుక్కున్నారు. గంజి ఒక్కటే పెడితే గుడ్డ బిరుసెక్కుతుంది. సుద్దమట్టి ఒక్కటే పూస్తే పొడిపొడిగా రాలుతుంది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకేస్తే వచ్చే చిక్కటి అంబలిని ఈ రెంటితో కలిపి, చెట్టు జిగురు చేర్చి పూశారు. ఒక పూత ఆరాక మరొకటి, అలా మూడు. ఆరిన గుడ్డ తోలులా వంగుతుంది, పగలదు. ఆ పాళ్లు కుదిరేలోపు ఎన్ని పటాలు పెచ్చులూడాయో! నన్నడిగితే ఈ కళలో అసలు ఘనత బొమ్మలది కాదు, వాటి కిందున్న ఈ పూతది.

ఆ మీద ఉడుత వెంట్రుకల కుంచె. శంఖం నూరిన తెలుపు, దీపం మసి నలుపు, నీలిమందు నీలం, వెనకంతా ఇంగిలీకం ఎరుపు. దివిటీ వెలుగులో దూరం నుంచి ముందు కంటికి తగిలేది ఆ ఎరుపే.

కథకులకు పటమంటే దేవుడే. కొత్తదానికి పూజ చేసి అందుకుంటారు. పాతబడితే మూలన పడేయరు, మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో కలుపుతారు. పాతదాన్ని చూసే కొత్తది రాయించుకుంటారు గనక కథ మాత్రం తెగదు. అందరూ ఈ ఆచారం తప్పకుండా పాటించి ఉంటే మనకు పాత పటం ఒక్కటీ దక్కేది కాదు! నీళ్లను తప్పించుకున్నవాటిలో 1625 నాటి భావనారుషి పటం ఒకటి. అది హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల సేకరణలోకి చేరింది.

ఎన్నిసార్లు చుట్టినా చెదరని పటం సినిమా ముందు నిలవలేకపోయింది. తర్వాత టీవీ వచ్చింది. కథకులకు పిలుపులు తగ్గాయి. కథకుడే గడప తొక్కకపోతే నకాషీ ఎవరి కోసం రాయాలి? ఇళ్లు ఒక్కొక్కటే కుంచె పక్కన పెట్టాయి. చివరికి చేర్యాలలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కుటుంబాలే మిగిలాయి.

పట్నంవాళ్లకు ఆ బొమ్మలు నచ్చాయి గానీ నలభై అడుగులు వేలాడదీసే గోడ ఎవరింట్లో ఉంది? మిగిలినవాళ్లు తెగించి గొలుసు తెంపారు. ఒక్కో ఘట్టాన్ని విడిగా రాసి చట్రం కట్టారు. ధనాలకోట వైకుంఠం కుటుంబం వంటివాళ్ల చేతుల్లో పని మళ్లీ ఊపందుకుంది. రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి ముఖాలూ బొమ్మలూ చేశారు. పురాణంతో పాటు కల్లు గీసే గౌడు, దంచే ఆడవాళ్లు, ఎడ్లబండ్లు వచ్చి చేరాయి. చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. 

కూనపులివాళ్ల కథ మాత్రం చట్రంలో ఇమడలేదు. రెండడుగుల బొమ్మలో గౌడు తాడెక్కుతుంటాడు. పైన వరుస లేదు, కింద వరుస లేదు. అయినా అంచు చుట్టూ ఆ పూలతీగను, పటంలో ఒక ఘట్టాన్ని ఇంకోదానితో కలిపిన తీగను, ఇప్పటికీ వదలకుండా గీస్తున్నారు.