మాటమీద సుంకం

టెలిఫోను చరిత్ర వ్రాసినవారు చాలామంది యంత్రాల చరిత్ర వ్రాశారు. యే పరికరం యే సంవత్సరంలో వచ్చింది, యెవరు కనిపెట్టారు అన్నంతవరకు చెప్పి వూరుకున్నారు. ఒక మాట ఒక వూరినుంచి మరొక వూరికి పోవడానికి యెవరు యెవరికి యెంత చెల్లించవలసివచ్చింది, ఆ చెల్లింపు మనుషుల సంభాషణను యెట్లా మార్చివేసింది అన్న ప్రశ్న వారికి ముఖ్యమనిపించలేదు. ఇంటర్నెట్ ద్వారా టెలిఫోను సంభాషణ నడిచిన చరిత్రను ఆ ప్రశ్నతోనే పరిశీలించాలని నా అభిప్రాయం.

మాది జగిత్యాల ప్రాంతం. మా వైపునుంచీ, నిజామాబాదు, సిరిసిల్లల నుంచీ, అటు కోనసీమ, కడపల నుంచీ కూలికోసం గల్ఫు దేశాలకు వెళ్ళినవారు వేలాదిమంది. మా అన్న 1990 తరువాతి సంవత్సరాలలో సౌదీ అరేబియాలోని దమ్మాముకు వెళ్ళాడు. నెలకొకసారి మా అమ్మ ఎస్టీడీ బూతుకు నడిచి వెళ్ళేది. రిసీవరు చెవిదగ్గర వున్నా, చూపు మాత్రం మీటరులో పరుగెత్తే యెర్ర అంకెలమీదనే. “మంచిగున్నవా బిడ్డా? తిన్నవా? పైసలు అందినయి” — అంతటితో సంభాషణ సమాప్తం. నాన్న జబ్బు సంగతి మూడు నెలలు చెప్పలేకపోయింది. చెబితే యేడుపు వస్తుంది. యేడవడానికి నిమిషాలు కావాలి. మిగిలిన మాటలన్నీ క్యాసెట్టులో నింపి, సెలవుమీద వచ్చి తిరిగిపోయేవారి చేతికిచ్చి పంపేవాళ్ళం.

యీ ధర దూరానికి కట్టిన ధర అని అప్పుడు అందరమూ నమ్మాము. ఆ నమ్మకం యెంతవరకు నిజం?

పాత టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ వారి మధ్య ఒక దారి పూర్తిగా వారికే కేటాయించబడి వుంటుంది. వారు మౌనంగా వున్నా ఆ దారి మరొకరికి పనికిరాదు. అందుచేత మౌనానికి కూడా డబ్బు చెల్లించవలసిందే. ఇంటర్నెట్ పద్ధతి వేరు. మాటను అంకెలుగా మార్చి, చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, వుత్తరాలూ బొమ్మలూ పోయే దారిలోనే పంపుతారు. మాట లేనప్పుడు పొట్లాలు పంపనవసరం లేదు. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1974లోనే డానీ కోహెన్ మొదలైనవారు అమెరికా రక్షణశాఖ పెట్టుబడితో నడిచిన అర్పానెట్ మీద కాలిఫోర్నియానుంచి మసాచుసెట్స్‌కు యీ విధంగా మాటలు పంపి చూపించారు. అంటే మా అమ్మ యెర్ర అంకెలవైపు భయంగా చూస్తున్న నాటికి యీ విద్య పుట్టి యిరవై యేళ్ళు దాటింది.

1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ మామూలు కంప్యూటరులో పనిచేసే ‘ఇంటర్నెట్ ఫోన్’ను అమ్మకానికి పెట్టింది. మరుసటి యేడే, 1996 మార్చిలో, అమెరికాలోని దూరభాషణ కంపెనీల సంఘమొకటి యిటువంటి సాఫ్ట్‌వేరు అమ్మకాన్ని ఆపించమని అక్కడి ప్రభుత్వ కమిషన్‌ను అర్థించింది. పోటీయే తమ మతమని చెప్పుకొనే వర్తకులు పోటీ యెదురుకాగానే ప్రభుత్వాన్ని ఆశ్రయించడం గమనించదగిన విషయం.

మన దేశంలో యేం జరిగింది? 1999 జాతీయ టెలికాం విధానం ఇంటర్నెట్ టెలిఫోనును అప్పటికి అనుమతించేది లేదని స్పష్టంగా చెప్పింది. విదేశీ పిలుపులమీద విదేశ్ సంచార్ నిగమ్‌కున్న గుత్తహక్కు 2002 మార్చి 31తో ముగిసింది. మరునాడే, ఏప్రిల్ 1న, ఇంటర్నెట్ టెలిఫోనుకు పరిమితమైన అనుమతి లభించింది. ఆ ఒక్క రాత్రిలో శాస్త్రం పెరగలేదు. గుత్తహక్కు గడువు తీరింది, అంతే.

విదేశీ పిలుపులమీద వచ్చిన లాభంతోనే పల్లెల్లో చౌకగా టెలిఫోను యివ్వగలిగామని ప్రభుత్వపక్షం వాదించేది. యీ వాదనలో నిజం లేకపోలేదు. కాని ఆ భారం మోసినవారెవరు? పెద్ద వ్యాపారులు మాత్రమే కాదు, ఎడారిలో యిటుకలు మోసేవాడి తల్లి కూడా మోసింది. ప్రజాసౌకర్యానికి పన్ను అవసరమైతే ఆదాయంమీద వేయవచ్చు. ఎడబాటుమీద వేయడం న్యాయం కాదు.

అవతలి తీరంలోనూ సుంకపు గేటు వున్నది. సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ పిలుపులమీద నిషేధాన్ని, నిబంధనలకు లోబడిన యాప్‌లవరకు, 2017 సెప్టెంబరులో తొలగించింది. ఆ తరువాత ఒకనాడు మా అన్న ఫోను తెరమీద అమ్మకు కనిపించాడు. ఆమె చాలాసేపు పెదవి విప్పలేదు. “ఏం మాట్లాడుతలేవేందమ్మా?” అన్నాడు. “మాట్లాడుడెందుకు బిడ్డా, కూసో, చూస్తున్న” అన్నది. జీవితంలో మొదటిసారి ఆమె మౌనానికి మీటరు లేదు.

కనుక శాస్త్రం మనకు విముక్తి ప్రసాదించిందని జయజయధ్వానాలు చేసేవారున్నారు. వారి వుత్సాహాన్ని నేను పూర్తిగా పంచుకోలేను. 2003లో వెలువడిన స్కైప్‌ను చూడండి. ఎస్టోనియా ఇంజనీర్లు నిర్మించిన ఆ వ్యవస్థ మొదట్లో, వాడుకునేవారి కంప్యూటర్లనే ఆధారం చేసుకొని పిలుపులను నడిపింది. దానిని 2005లో ఈబే కొన్నది, 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్నది, 2025 మే నెలలో మూసివేసింది. కోట్లాదిమంది అలవాటుపడిన దారిని మూసివేసేటప్పుడు వారి సమ్మతి అవసరం కాలేదు. వాట్సాప్‌లో మాటను తాళంవేసి పంపుతున్నారు, నిజమే. కాని యెవరు యెవరిని యెప్పుడు పిలిచారన్న వివరం కంపెనీకి తెలియగలదు. నిమిషాల లెక్క పోయింది, మనుషుల లెక్క వచ్చింది.

దూరం యేనాడూ అంత ఖరీదైనది కాదు. దారికి యజమాని యెవరన్నదే ధరను నిర్ణయించింది. మీటరు మాయమైనంతమాత్రాన యజమాని మాయమైనాడని మనం భ్రమపడకూడదు. ఇకముందు టెలిఫోను చరిత్ర వ్రాయబూనేవారు కనిపెట్టినవారి పేర్లతోపాటు, బూతులో నిలబడి సగం మాటలు మింగిన తల్లులను కూడా లెక్కలోకి తీసుకోవాలని కోరుతున్నాను.