ఒళ్ళు లేని మహాబుద్ధి

చిన్నప్పుడు నన్ను అన్నిటికన్న ఎక్కువగా భయపెట్టింది దయ్యాల కథ కాదు, శంకరాచార్యులవారి కథ. మీరు నవ్వుతారేమో గాని నిజం.

మాది నర్సీపట్నం దగ్గర మాకవరపాలెం. వేసవి రాత్రుళ్ళు వాకిట్లో నులకమంచం వేసుకుని మా మామ్మ కథ మొదలుపెట్టేది. మండనమిశ్రుడి భార్య ఉభయభారతి కామశాస్త్రంలో ప్రశ్న వేసింది. సన్యాసికి జవాబెలా తెలుస్తుంది? గడువు అడిగి, తన దేహాన్ని ఒక గుహలో పెట్టి, శిష్యుల్ని కాపలా ఉంచి, అప్పుడే చనిపోయిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశించారు శంకరులు. పాడె మీది రాజు లేచి కూర్చున్నాడు. అంతవరకూ బాగానే ఉండేది. మంత్రులకి అనుమానం వచ్చి, "మన రాజుకి ఇంత తెలివెక్కడిది? ఎవడో యోగి దూరాడు, రాజ్యంలో దిక్కులేని శవం కనిపిస్తే తగలబెట్టించండి" అన్న దగ్గర నాకు వణుకు పుట్టేది. ఆ గుహలో ఒళ్ళు కాలిపోతే ఆయన ఎక్కడికి పోతారు? ఎవరి ఇంటికని వెళతారు? నేను దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాణ్ణి. మామ్మ ఊరుకునేది కాదు. "ఊఁ కొట్టరా బాబూ. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోద్ది" అనేది.

ఇన్నేళ్ళ తరవాత ఆ భయం మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మా మేనల్లుడు. విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న పండక్కి వచ్చి, "మావయ్యా, నీకు ఇంగ్లీషువాళ్ళ పరకాయప్రవేశం చూపిస్తాను రా" అని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. అది 'డాక్టర్ హూ' అనే టెలివిజన్ ధారావాహిక. లండన్‌లో బి.బి.సి. వారు 1963 నవంబరు 23న మొదలుపెట్టారు. మన విశాఖ ఆకాశవాణి పుట్టిన సంవత్సరమూ అదే. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక వింత మనిషి కథ అది.

అందులో ఒక ప్రతినాయకుడున్నాడు. ఉన్నాడు అనడం కూడా తప్పే. ఎందుకంటే అతనికి ఒళ్ళు లేదు, ముఖం లేదు, చేతులు లేవు. వట్టి బుద్ధి. ఎక్కడో లోకాల అవతల దిమ్మరిగా తిరిగే మనస్సు. వాళ్ళు దాన్ని 'గ్రేట్ ఇంటెలిజెన్స్' అన్నారు. మనం మహాబుద్ధి అందాం. దానికి ఒకటే ఆకలి, ఒళ్ళు కావాలి. 1967 సెప్టెంబరు 30 నుంచి నవంబరు 4 దాకా ఆరు వారాలు నడిచిన 'ది అబామినబుల్ స్నోమెన్' అనే కథలో ఇది మొదటిసారి వచ్చింది. రాసినవారు మెర్విన్ హైస్‌మన్, హెన్రీ లింకన్ అనే ఇద్దరు.

కథ జరిగేది ఎక్కడో తెలుసాండీ? టిబెట్‌లో, 1935లో, ఒక బౌద్ధారామంలో. తీసింది మాత్రం వేల్స్ కొండల్లో. ఆరామంలోని గురువు ధ్యానంలో దేహం వదిలి సంచారం చేస్తూండగా ఈ మహాబుద్ధి తగులుకుంది. అతిథిలా వచ్చి యజమాని అయి కూర్చుంది. పాపం, ఆ ముసలాయన చావనివ్వకుండా మూడువందల ఏళ్ళపాటు ఆయన చేతులనే తన చేతులు చేసుకుంది. ఆయన చేత్తోనే మంచుమనుషుల రూపంలో యంత్రాలు చేయించింది. ఒక్కొక్క యంత్రం గుండెల్లో ఒక లోహపు గుండు. బల్ల మీద చిన్న బొమ్మను ఇటు జరిపితే కొండ మీద యంత్రం అటు నడుస్తుంది. మన తోలుబొమ్మలాటలో దారం కనిపిస్తుంది, ఇందులో కనిపించదు, అంతే తేడా.

ఆ గురువు పేరు విని ఉలిక్కిపడ్డాను. పద్మసంభవుడు! ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌కి వెళ్ళి, శాంతరక్షితుడితో కలిసి సామ్యే ఆరామాన్ని నిలబెట్టిన మహానుభావుడి పేరు. అక్కడివారికి ఆయన రెండో బుద్ధుడు. మన కథలో ఏ దొంగస్వామికో శంకరాచార్యులని పేరు పెడితే ఎలా ఉంటుంది? రాసినవారికి దురుద్దేశం ఉండకపోవచ్చు, పుస్తకంలో దొరికిన పేర్లు వాడేసి ఉంటారు. 1974లో ఆ కథ నవలగా వచ్చినప్పుడు మాత్రం ఆ పేర్ల అక్షరాలు కాస్త అటూ ఇటూ చేశారు.

అయితే ఆ రచయితలు ఒక విషయంలో గురి తప్పలేదు. దేహం విడిచి దేహంలో దూరే విద్యకి టిబెట్ పరాయిది కాదు. పతంజలి యోగసూత్రాల మూడో పాదంలో చిత్తం పరశరీరంలో ప్రవేశించడం ఒక సిద్ధిగా చెప్పి ఉంది. మన విక్రమార్కుడి కథల్లో రాజు చిలుక ఒంట్లోకి వెళితే, ఆ విద్యే నేర్చుకున్న సేవకుడు రాజు ఒంట్లోకి దూరి సింహాసనం ఎక్కుతాడు. టిబెట్‌లోనూ అలాంటి కథే ఉంది. పదకొండో శతాబ్దపు గురువు మార్పా కొడుకు దర్మదోదే గుర్రం మీంచి పడి ప్రాణం పోతూంటే పావురం దేహంలోకి వెళ్ళాడట. ఆ పావురం హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చిందట. ఇక్కడ చనిపోయిన ఒక బ్రాహ్మణ బాలుడి శరీరంలో ప్రవేశించి, ఆ కుర్రాడిగా లేచి నడిచిందట. విద్య ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళింది, కథ అక్కణ్ణించి ఇక్కడికి తిరిగి వచ్చింది.

ఇదంతా మాకు దూరం మాట కూడా కాదు. అనకాపల్లికి కూతవేటు దూరంలో శంకరం ఉంది. సంఘారామం అన్న మాటే జనం నోట్లో అరిగి శంకరం అయింది. అక్కడి బొజ్జన్నకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు, గుహల్లో బుద్ధుడి విగ్రహాలు. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే దొర తవ్వకాలు జరిపిస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా బయటపడింది. హీనయానం, మహాయానం, ఆఖరికి వజ్రయానం, మూడూ ఆ కొండ మీద నడిచాయి. పద్మసంభవుడు టిబెట్‌కి మోసుకెళ్ళింది ఆ వజ్రయానాన్నే. అంటే ఆ సీరియల్లో ఎక్కడో ప్రపంచం చివర అని చూపించిన ఆరామానికి దాయాదిలాంటిది మా బస్సు దారిలో ఉందన్నమాట. పెరటి చెట్టు మందుకి పనికిరాదు గనక మాకు పట్టలేదు.

పట్టకపోవడమే కాదు. భిక్షువులు పోయారు, చదివేవాళ్ళు పోయారు, విగ్రహం ఎవరిదో చెప్పేవాళ్ళు లేకపోయారు. కనుమనాడు జనం ఆ కొండకి వెళ్ళి రాక్షసుడని రాళ్ళు విసిరే ఆచారం చాలాకాలం సాగింది. తరవాత తెలిసినవాళ్ళు పూనుకుని మానిపించారు. చూశారా, ఇక్కడ కథ తిరగబడింది. అక్కడ బుద్ధికి ఒళ్ళు లేదు. ఇక్కడ ఒళ్ళు రాయిలా నిలిచి ఉంది, అందులోని బుద్ధి జనం జ్ఞాపకంలోంచి జారిపోయింది.

మళ్ళీ సీరియల్ దగ్గరికి వద్దాం. 1968 ఫిబ్రవరి 3 నుంచి మార్చి 9 వరకు మహాబుద్ధి రెండోసారి వచ్చింది. ఆ కథ పేరు 'ది వెబ్ ఆఫ్ ఫియర్'. ఈసారి లండన్‌లో భూమికింద నడిచే రైలు సొరంగాల నిండా సాలెగూడు కమ్మేసింది. అందులో సైనికులతో కలిసి తిరిగే ఒక సార్జెంటు లోపల ఉన్నది ఆ మహాబుద్ధేనని ఆఖర్న తెలుస్తుంది. అమరుకుడి కథే గాని, ఇక్కడ దూరినవాడు శంకరులు కాడు. మూడో కథ కూడా వచ్చేదే. కాని ఇంకో కథలోని బొమ్మల వ్యాపారపు హక్కుల మీద రచయితలకీ బి.బి.సి.కీ చెడింది. దానితో మహాబుద్ధి మళ్ళీ 2012 క్రిస్మస్ దాకా తెర మీదికి రాలేదు. అప్పుడు దానికి గొంతు ఇచ్చినవాడు ఇయన్ మెకెల్లెన్, ముఖం ఇచ్చినవాడు రిచర్డ్ ఇ. గ్రాంట్.

నేను మా అల్లుణ్ణి, "ఆ మొదటి కథ ఆరు భాగాలూ పెట్టరా" అన్నాను. వాడు నవ్వి, "లేవు మావయ్యా. రెండో భాగం ఒక్కటే మిగిలింది" అన్నాడు.

"ఏం? తగలబడిపోయాయా?"

"వాళ్ళే చెరిపేశారు."

ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైనది. ఒకసారి ప్రసారం అయ్యాక ఆ టేపు మీదే ఇంకో కార్యక్రమం ఎక్కించేవారు. నటులతో ఒప్పందాలు పదేపదే చూపించడానికి ఒప్పుకోవు. రంగుల టెలివిజన్ వచ్చాక నలుపు తెలుపు బొమ్మలు ఎవరు కొంటారనుకున్నారు. ఇంట్లో కూర్చుని పాత కార్యక్రమాలు చూసుకునే రోజు వస్తుందని ఎవరికీ తోచలేదు. విదేశాలకి అమ్మడానికి తీసిన ఫిల్ము ప్రతుల్ని కూడా చాలావరకు పారేశారు. 1978లో గాని ఆ పని ఆగలేదు. తొలి ఆరేళ్ళ 253 భాగాల్లో తొంభైకి పైగా ఇప్పటికీ లేవు.

వాళ్ళని మనం అనేదేముంది? మన తెలుగువాళ్ళు తీసిన మొదటి మూకీ 1921 నాటి 'భీష్మప్రతిజ్ఞ' ఎక్కడుంది? 1932లో వచ్చిన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' చూద్దామంటే ఏదీ? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అన్ని దేశాల్లోనూ ఉంది.

కాని చిత్రమేమిటంటే, పోయిన ఆ భాగాలన్నిటికీ గొంతు మిగిలింది. ప్రసారం అవుతూండగా కొందరు కుర్రాళ్ళు టీవీ ముందు టేప్ రికార్డర్లు పెట్టుకుని మాటలూ సంగీతమూ ఎక్కించుకున్నారు. ఎవరూ వాళ్ళని అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. గుహ దగ్గర కాపలా ఉన్న శిష్యుల్లాంటివాళ్ళన్నమాట. 2013 అక్టోబరులో ఇంకో సంగతి తెలిసింది. నైజీరియా దేశంలో జోస్ అనే ఊళ్ళో ఒక టెలివిజన్ కేంద్రంలో ఫిలిప్ మోరిస్ అనే ఆయన గాలిస్తే తొమ్మిది పోయిన భాగాలు దొరికాయి. సొరంగాల కథ దాదాపు పూర్తిగా వచ్చింది, మూడో భాగం తప్ప. తరవాత ఎంతో పేరు పొందిన లెత్‌బ్రిడ్జ్ స్టూవర్ట్ పాత్ర ముఖం మొదట కనిపించేది ఆ మూడో భాగంలోనే! చివరికి పాత గొంతులకి కొత్తగా గీసిన బొమ్మలు జోడించి, ఆ మూడో భాగాన్ని 2021లోనూ, మంచుమనుషుల కథని 2022లోనూ తయారుచేశారు. ఒళ్ళు లేని బుద్ధి కథకే ఒళ్ళు పోయి, గొంతు మిగిలి, ఎవరో గీసిన కొత్త ఒంట్లో ప్రవేశించింది. ఇది ఏ రచయితా రాయని పరకాయప్రవేశం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పేస్తాను.

1984లో మా చిన్నాన్న గల్ఫ్ నుంచి టేప్ రికార్డరు తెచ్చాడు. సరదాకి మామ్మని కూర్చోబెట్టి అమరుకుడి కథ చెప్పించి ఒక కాసెట్టు నిండా ఎక్కించాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. కొత్త కాసెట్టుకి డబ్బుల్లేక, ఒకనాడు రేడియోలో సినిమా పాటలు వస్తూంటే దాని మీదే ఎక్కించేశాను. మామ్మకి చెబితే నవ్వేసి, "పోనీలేరా, నేనున్నానుగా, మళ్ళీ చెబుతాను" అంది. మరుసటి ఏడు సంక్రాంతికి ఆమె లేదు. బి.బి.సి. వారికి లెక్కలూ కారణాలూ ఉన్నాయి. నాకు పాటల మోజు తప్ప ఏ కారణమూ లేదు.

ఆ కాసెట్టు ఇప్పటికీ ఉంది. రెండో పక్క ఆఖరి పాట అయిపోయాక కాస్త గరగర, ఆ తరవాత నేను చెరపడం మరిచిపోయిన నాలుగైదు క్షణాలు. మర్నాడు పెట్టె అడుగునించి తీసి మా అల్లుడికి ఇచ్చాను. వాడు ఏవో తీగలు తగిలించి కంప్యూటర్లోకి ఎక్కించాడు. కథ లేదు, శంకరులు లేరు, గుహా లేదు. చిన్న దగ్గు, గాజుల చప్పుడు, ఆ వెంటనే మామ్మ గొంతు.

"ఊఁ కొట్టరా బాబూ."

మా అల్లుడు నా వైపు చూశాడు. నేను నలభై ఏళ్ళు ఆలస్యంగా, పైకే, ఊఁ అన్నాను.