తొమ్మిదేండ్ల బాలుని కల: జాన్ బోస్కో జీవితము నుండి ఒక పరిశీలన

యోసేపు తన కలలను ఇంటివారికి చెప్పిన నాటికి 17 ఏండ్లవాడు (ఆది. 37:2). అంతకంటె చిన్నవాడైన ఒక బాలుడు తన కలను ఏ విధముగా భరించాడో తెలిపే సాక్ష్యము సంఘ చరిత్రలో ఉన్నది. అది ఇటలీ దేశస్థుడైన జాన్ బోస్కోది (1815–1888).

కల

జాన్ పీడ్‌మాంట్ ప్రాంతపు పేద రైతు కుటుంబములో పుట్టాడు. తండ్రి 1817లో చనిపోయాడు. సుమారు తొమ్మిదేండ్ల వయస్సులో జాన్‌కు ఒక కల వచ్చింది. ఆటలాడే బాలురలో కొందరు దేవదూషణ చేయగా అతడు పిడికిళ్లతో వారి మీద పడ్డాడు. తేజస్సుగల ఒక పురుషుడు అతనిని ఆపి, దెబ్బలతో కాదు, సాత్వికముతో వారిని సంపాదించుకొమ్మన్నాడు. తరువాత ఒక స్త్రీ (ఆమె మరియయని బోస్కో నమ్మకము) క్రూరమృగములు గొర్రెపిల్లలుగా మారడము చూపించింది. అర్థము కాక బాలుడు ఏడ్చాడు. తగిన కాలమందు గ్రహిస్తావని ఆమె చెప్పింది.

ఇంటివారి మాటలు

ఉదయము కల విని, పశువులను కాస్తావని అన్న జోసెఫ్ అన్నాడు. దొంగల నాయకుడవవుతావని సవతి అన్న ఆంటోనియో ఎగతాళి చేశాడు. ఎవరికి తెలుసు, గురువు అవుతావేమోనని తల్లి మార్గరీటా అన్నది. కలలను పట్టించుకోకూడదని నానమ్మ తేల్చింది. జాన్ నానమ్మ మాటే సరియనుకొన్నాడు, అయినా కలను మరువలేకపోయాడు.

నెరవేర్పు

ఆంటోనియో అతని చదువుకు అడ్డుపడ్డాడు. 1828లో జాన్ ఇల్లు విడిచి మరొకరి పొలములో పనికి చేరాడు. 1841లో గురువుగా అభిషేకము పొంది, ట్యూరిన్ నగరములో దిక్కులేని బాలకార్మికులను చేరదీశాడు. 1858లో పోపు 9వ పయస్ ఈ కలను వ్రాసిపెట్టమన్నాడు. బోస్కో దానిని వ్రాసింది 1873 తరువాతనే.

సుమారు 50 ఏండ్ల తరువాతి జ్ఞాపకము ఫలితముల వెలుగులో రూపుదిద్దుకొని ఉండవచ్చును. చరిత్రకారుడు దీనిని మరువరాదు. అయితే తనకు అర్థము కాలేదనీ, నానమ్మ పక్షమే వహించాననీ బోస్కో దాచలేదు. తన గొప్పతనమునకు ముందే ముద్ర వేసుకొనగోరినవాడు ఇట్లు వ్రాయడు. 1887లో రోములో బలిపూజ చేస్తూ, ఆ కల జ్ఞాపకమునకు వచ్చి పలుమార్లు కన్నీరు కార్చాడు. మరుసటి ఏట మరణించాడు.

మనకు పాఠము

మన సంఘములలో పిల్లలు కలలు చెప్పినప్పుడు కొందరము కొట్టివేస్తాము, కొందరము వెంటనే ప్రవచనమని ప్రకటిస్తాము. మొదటిది బిడ్డ నోరు మూయిస్తుంది. రెండవది మోయలేని భారము మోపుతుంది. మార్గరీటా ఈ రెండూ చేయలేదు. విన్నది, ఒక తలుపు తెరచి ఉంచింది, తీర్పు కాలమునకు విడిచిపెట్టింది. ఆ బాలుని నడిపించింది భవిష్యత్తును గూర్చిన జ్ఞానము కాదు. కొట్టకుము, ప్రేమించుము అనే ఆజ్ఞ. దానికి ఆ ఉదయము నుండే లోబడవచ్చును.